ఫీల్డర్ పిలిచిన పరుగు

మొన్న అంపైర్ పరీక్ష పాసయిన ఇద్దరు కుర్రాళ్లు తర్లుపాడులో మా ఇంటికి వచ్చి అనుభవాలు చెప్పమన్నారు. ఫోన్‌లో రికార్డు చేసుకుంటామన్నారు. నేను మాట్లాడితే మధ్యలో తిట్లు వస్తాయి. రాస్తే రావు. అందుకని రాస్తున్నాను. చదువు ఆలస్యంగా వచ్చినవాణ్ణి కాబట్టి నా వాక్యాలు చిన్నవిగా ఉంటాయి. దానికి మీరు సంతోషించాలి.

ఏ ఏడాది ఏ ప్యానెల్‌లో ఉన్నానో, ఎన్ని మ్యాచ్‌లు చేశానో రాయను. అవి ఎవరికీ పనికిరావు.

నిలబడేవాడు లేక నన్ను నిలబెట్టారు

చిన్నప్పటి నుంచి నాది పలకల ఫ్యాక్టరీలో పని. రాయి కోశాను, అరగదీశాను, చట్రాలు బిగించాను. పలక మీద రాయడం మాత్రం ముప్పై దాటాక నేర్చుకున్నాను. మధ్యలో పలకల పని పడిపోతే మార్కాపురంలో ఒక శెట్టిగారి కిరాణా దుకాణంలో బస్తాలు దించే పనికి చేరాను. ఆదివారం దుకాణం తొందరగా కట్టేస్తారు. అప్పుడు గ్రౌండ్‌కు పోయి కూర్చునేవాణ్ణి.

అంపైర్‌గా నిలబడినవాడికి బ్యాటింగ్ దొరకదు. అందుకని ఎవడూ నిలబడడు. నాకు ఎట్లాగూ బ్యాటింగ్ రాదు. నన్ను నిలబెట్టారు. ఆరు పలక ముక్కలు కుడి జేబులో వేసుకుని, బంతికొకటి ఎడమ జేబులోకి మార్చేవాణ్ణి. నా ఓవర్‌లో ఎప్పుడూ ఆరే బంతులు పడేవి. ఆ రోజుల్లో అదే పెద్ద అర్హత.

తర్వాత ఎవరో చెప్పారు, జిల్లాలో పరీక్ష రాస్తే తోలు బంతి మ్యాచ్‌లకు పిలుస్తారని. పరీక్ష రాయాలంటే రాయడం రావాలి కదా. పెద్దవాళ్ల బడిలో చేరాను. టీచరమ్మ అ, ఆ దిద్దిస్తుంటే, 'ముందు ఎల్‌బీడబ్ల్యూ నేర్పించమ్మా' అన్నాను. "అందులో ఒత్తులున్నాయి, అది ఆఖర్న వస్తుంది" అంది. ఆమె చెప్పింది నిజమే. ఎల్‌బీడబ్ల్యూ నాకు ఆఖర్నే వచ్చింది, బడిలోనూ, గ్రౌండ్‌లోనూ.

బెయిల్స్, కోడికూర

పెద్దారవీడు దగ్గర ఒక పల్లెలో మ్యాచ్. బెయిల్స్ పోయాయి. పలక చట్రాలకు వాడే కర్ర ముక్కలు తెచ్చి స్టంప్‌ల మీద పెట్టారు. వాటికి బరువెక్కువ, అంచులు గరుకు. బౌలర్ మంచి బంతి వేశాడు. ఆఫ్ స్టంప్‌కు తగిలింది. చప్పుడు చెరువుకట్ట దాకా వినిపించింది. కర్ర ముక్క మాత్రం కదల్లేదు.

"నాటౌట్" అన్నాను.

బౌలర్ పిచ్ మీద కూలబడ్డాడు. "అన్నా, చప్పుడు వినలేదా నువ్వు?"

"విన్నా."

"మరి?"

"చప్పుడుకు అవుట్ లేదు."

బెయిల్ పడితేనే అవుట్. అది రూలు. కానీ ఆటకు ముందే ఆ కర్ర ముక్కలను చేత్తో పట్టుకుని చూసి, ఇవి పనికిరావని చెప్పాల్సింది కూడా అంపైరే. మీరు ముందు చూసుకోండి. పిచ్ మీద పరిచే మ్యాటింగ్ మేకులు, బెయిల్స్, బౌండరీ తాడు. ఆట మొదలయ్యాక రూలు చెప్పడం చాలా తేలిక. మొదలవకముందు చూసుకోవడమే పని.

ఇంకొకటి. మధ్యాహ్నం భోజనం ఆడించే ఊరివాళ్లు పెడతారు. కోడికూర వేసి, ఇంకో ముక్క వేసి, పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతారు. తిన్న తర్వాత వచ్చే మొదటి అప్పీల్ వాళ్లదే అయి ఉంటుంది. తినండి. తినడంలో తప్పు లేదు. కడుపులోది వేలి దాకా రాకుండా చూసుకోవాలి. నేను చివరి పదేళ్లు పెరుగన్నం కట్టుకుని పోయాను. నిజాయితీ అన్నారు. నిజానికి అజీర్తి.

శెట్టిగారి కొడుకులు

ఇప్పుడు అసలు సంగతి. పేర్లు మార్చి రాస్తున్నాను. మార్కాపురంలో అందరికీ తెలుసు కాబట్టి మార్చినా లాభం లేదు, కానీ మర్యాద.

నేను పనిచేసిన దుకాణం శెట్టిగారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ప్రసాద్, చిన్నవాడు మురళి. ఇద్దరికీ రెండేళ్ల తేడా. ఇద్దరూ బ్యాటింగ్ చేసేవాళ్లు. నన్ను దుకాణంలో మామా అనేవాళ్లు, గ్రౌండ్‌లో సార్ అనేవాళ్లు. ఆ తేడా నేను నేర్పలేదు, వాళ్ల నాయన నేర్పాడు. తెలిసినవాళ్లు ఆడే మ్యాచ్‌లో నిలబడవచ్చా అని మీరు అడగవచ్చు. మన పక్క అంపైర్ అయితే అందరూ తెలిసినవాళ్లే. తెలియనివాళ్లు కావాలంటే సముద్రం దాటాలి.

దుకాణాల్లో ఒక పద్ధతి ఉంది. బేరం జరుగుతున్నప్పుడు ఇంటివాళ్లు కొనేవాళ్ల ఎదుటే తమలో తాము మాట్లాడుకునే మాటలు కొన్ని ఉంటాయి. రేటు తగ్గించు, తగ్గించవద్దు, ఈయనకు అప్పు ఇవ్వవద్దు. వింటే తెలుగులాగే ఉంటాయి, అర్థం కావు. బస్తాలు దించుతూ దించుతూ నాకూ కొన్ని పట్టుబడ్డాయి. ఆ మాటలు ఇక్కడ రాయను. ఆ దుకాణం ఇంకా నడుస్తోంది.

అన్నదమ్ములిద్దరూ ఆ మాటలను వికెట్ల మధ్య పరుగుకు వాడుకున్నారు. రా, వద్దు, రెండో పరుగు. మూడే మాటలు. బంతి ఎక్కడికి పోయినా ఒకడు ఒక మాట అంటాడు, రెండోవాడు తల తిప్పకుండా పరుగెత్తుతాడు. ఫీల్డర్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఈ సంగతి తెలిసి శెట్టిగారికి కోపం వచ్చింది.

"తాతల నాటి యాపారం మాటలు! గ్రౌండ్‌లో పారబోసి వస్తార్రా?" అన్నాడు.

"పరుగులు వస్తున్నాయి నాయనా" అన్నాడు మురళి.

"పరుగులు ఏ కాటాలో తూగుతాయిరా?"

ఆయన క్రికెట్‌కు శత్రువేమీ కాదు. మోకాళ్లు అరిగిపోయి దుకాణంలో ఒక కొడుకు కావాల్సి వచ్చింది. అందుకని ఒక ఏర్పాటు చేశాడు. ఆ ఏడు రాష్ట్రం జట్టు ఎంపికకు గిద్దలూరు గ్రౌండ్‌లో మ్యాచ్ పెట్టారు. మన పక్క నుంచి ఒక్క బ్యాటర్‌నే తీసుకుంటామని ముందే చెప్పారు. శెట్టిగారు కొడుకులిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఎవర్ని తీసుకుంటే వాడు ఆడుకుంటూ పోవచ్చు. రెండోవాడు వచ్చి కాటా దగ్గర కూర్చోవాల. మళ్లా మాట్లాడేది లేదు."

నేను పక్కనే పప్పు బస్తా విప్పుతున్నాను. ఇద్దరూ సరేనన్నారు. ఇద్దరి ముఖాలూ ఒకేలా ఉన్నాయి.

గిద్దలూరులో ఆ బంతి

ఎంపిక మ్యాచ్‌లో ఇద్దర్నీ చెరొక జట్టులో వేశారు. ముందు మురళి బ్యాటింగ్ చేసి బాగానే ఆడాడు, అర్ధసెంచరీ దాటి అవుటయ్యాడు. తర్వాత ప్రసాద్ వచ్చాడు. తమ్ముడి స్కోరుకు దగ్గరపడుతున్నాడు. ఎంపిక చేసే పెద్దలు టెంటు కింద కూర్చున్నారు. శెట్టిగారు పులిహోర క్యారియర్ ఒళ్లో పెట్టుకుని ఇంకో పక్క కూర్చున్నాడు. ఎవరు గెలిచినా ఆయనకు ఒక కొడుకు మిగులుతాడు.

నేను బౌలర్ వైపు నిలబడ్డాను. స్క్వేర్ లెగ్‌లో ఒంగోలు నుంచి వచ్చిన ఒక డ్రిల్ మాస్టారు నిలబడ్డాడు. మురళి మిడాఫ్‌లో, అంటే నాకు ఎడమచేతి పక్క, కొంచెం ముందు.

ప్రసాద్ బంతిని మెల్లగా వెనక్కి, షార్ట్ థర్డ్‌మ్యాన్ వైపు తోశాడు. బంతి వెనక్కి పోతే పరుగు పిలిచేది అవతలి కొసనున్న బ్యాటర్. ఆ పిల్లవాడు బ్యాట్ మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరవలేదు. అప్పుడు నా ఎడమ పక్క నుంచి ఒక మాట వినిపించింది. దుకాణం మాట. 'రా' అని.

ప్రసాద్ పరుగెత్తాడు. సగం పిచ్ దాటాక, అవతలివాడు కదల్లేదని చూశాడు. వెనక్కి తిరిగేసరికి మ్యాటింగ్ మీద కాలు జారింది. కీపర్ బెయిల్స్ ఎగరగొట్టాడు. ఒంగోలు మాస్టారు వేలెత్తాడు. ఫీల్డర్లు సంబరంతో ఒకరి మీద ఒకరు పడ్డారు. మురళి మాత్రం ఉన్నచోటే నేలకేసి చూస్తున్నాడు.

వేలు ఆయన ఎత్తాడు. మాట నేను విన్నాను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నేను ఈ వృత్తిలో చూసిన చెడ్డ అంపైర్లలో ఎక్కువమంది తప్పు చెప్పినవాళ్లు కారు. ఊరుకున్నవాళ్లు.

"ప్రసాద్, ఆగు" అన్నాను. "మురళీ, ఇట్ల రా. నీ కెప్టెన్‌ను కూడా పిలువు."

ఒంగోలు మాస్టారు వచ్చాడు. "ఏమైందండీ?"

"ఫీల్డర్ పరుగు పిలిచినాడు సార్."

"నేనూ ఏదో విన్నాను. తెలుగేనా అది?"

"దుకాణం మాట సార్. అమ్మేటోళ్లకు తెలుస్తది, కొనేటోళ్లకు తెలీదు."

"మరి మీకెట్లా తెలుసు?"

"నేను మోసేటోణ్ణి సార్."

రూలు ఏమిటంటే, ఫీల్డర్ కావాలని బ్యాటర్‌ను మోసం చేస్తే ఆ బంతి చెల్లదు, అవుట్ చెల్లదు, బ్యాటింగ్ జట్టుకు ఐదు పరుగులు, ఫీల్డర్ మీద రిపోర్టు. రిపోర్టు పోతే ఆ ఏటికి వాడి ఎంపిక సంగతి మరిచిపోవాలి. కావాలని కాకుండా నోరు జారితే మాత్రం అవుట్ అవుటే. కాబట్టి ఒక్క మాట మీద ఆధారపడింది. కావాలని అన్నాడని తేలితే అన్న నిలబడతాడు, తమ్ముడు కాటా దగ్గరికి. అలవాటని తేలితే తమ్ముడు నిలబడతాడు, అన్న కాటా దగ్గరికి.

"అలవాటుగా వచ్చిందా, కావాలని అన్నావా?" అని అడిగాను. అలవాటేనని నా నమ్మకం. నా గొంతు కూడా అటే మొగ్గి ఉంటుంది.

మురళి అన్న వైపు చూశాడు. "కావాలనే అన్నాను సార్."

"అబద్ధం సార్!" అని ప్రసాద్ అరిచాడు. "వానికి అలవాటు. నిద్రలో గూడా అంటాడు. నేను అవుటే. నేను పోతా ఉన్నా."

"నిన్ను అడగలా. నిలబడు."

మురళి కెప్టెన్ తల పట్టుకున్నాడు. "ఒరే, అలవాటని చెప్పరా, అయిపోతది!"

"కావాలనే" అన్నాడు మురళి మళ్లీ.

తనను అవుట్ ఇవ్వమని అంపైర్‌తో గొడవపడిన బ్యాటర్‌ను నేను మళ్లీ చూడలేదు. ఒంగోలు మాస్టారు, నేను పక్కకు పోయి మాట్లాడుకున్నాం. 'ఒప్పుకున్నాక మనమేం చేస్తాం' అన్నాడాయన. డెడ్ బాల్ చెప్పాం. ప్రసాద్ తిరిగి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటూనే ఆడి సెంచరీ కొట్టాడు. అంత గొప్పగా ఏమీ లేదు ఆ సెంచరీ, రెండు క్యాచ్‌లు వదిలేశారు. అతన్నే ఎంపిక చేశారు.

సాయంత్రం రిపోర్టు నేనే రాశాను. 'కావాలని' అనే మాట దగ్గర చేయి ఆగింది. పిల్లవాడు అన్న కోసం తన మెడకు తానే తాడు వేసుకున్నాడని నాకు గట్టిగా తెలుసు. తెలిసినా, అతను చెప్పిందే రాశాను.

ఊరు రాసుకున్న రిపోర్టు

మురళి కాటా దగ్గర కూర్చున్నాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు. అన్న కోసం పేరు పాడుచేసుకున్న తమ్ముడని కథ అల్లుకుంది. బెల్లం కొనడానికి వచ్చినవాళ్లు వాణ్ణి చూసి చేతులు జోడించి పోయేవాళ్లు. కొందరు బేరం చేయడం మానేశారు. శెట్టిగారు గల్లా దగ్గర కూర్చుని కళ్లు ఒత్తుకునేవాడు. మరుసటి ఏటికి ఆయన తన మాట తానే కొట్టేశాడు.

"అట్లాంటి కొడుకును కాటా కాడ కూర్చోబెడితే నాకు పాపం తగలదా?" అని గుమాస్తాను పెట్టుకున్నాడు.

మురళి మళ్లీ ఆడాడు, అతన్నీ తీసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ రాష్ట్రం జట్టుకు నాలుగు రోజుల మ్యాచ్‌లు చాలా ఏళ్లు ఆడారు. ఇండియాకు ఆడలేదు. ఆడినట్లే మన ఊళ్లో మాట్లాడతారు. నిజానికి ఇద్దరిలో మురళే మంచి బ్యాటర్. ప్రసాద్‌కు ఓపిక ఎక్కువ, అంతే.

ప్రసాద్ ఎక్కడ సన్మానం జరిగినా మైకు పట్టుకుని, 'నా ఆట మా తమ్ముడు పెట్టిన భిక్ష' అంటాడు. కొడుక్కు తమ్ముడి పేరు పెట్టుకున్నాడు. ఇద్దరూ ఆట మానేశాక మార్కాపురం బయట నెట్స్ కట్టి పిల్లలకు నేర్పే అకాడమీ పెడదామనుకున్నారు. దానికి పేరు 'మురళి అకాడమీ' అని ప్రసాద్ నిర్ణయించాడు. ప్రారంభోత్సవానికి నన్ను పిలిచారు. అది ఈ మధ్య సంగతే.

ప్రారంభానికి ముందు ఒక ఉదయం మురళి బండి వేసుకుని మా ఇంటికి వచ్చాడు. జుట్టు నెరిసింది. టీ తాగి గ్లాసు కింద పెట్టకుండా కూర్చున్నాడు.

"మామా, ఫ్లెక్సీ చూసినావా?"

"లేదు. ఏముంది?"

"నా బొమ్మ. కింద త్యాగమూర్తి అని రాపించినాడు అన్న." గ్లాసు కింద పెట్టాడు. "మామా, ఆ రోజు గిద్దలూరులో నేను చెప్పింది నిజం."

"ఏది నిజం?"

"కావాలనే పిలిచినా. అన్న నా స్కోరు దాటుతా ఉండె. దాటితే నేను దుకాణంలోకి. నాకు కడుపులో మండింది. పిలిచినా."

 "మరి ఎందుకు ఒప్పుకున్నావురా?"

"నువ్వు అడిగినావు కదా. అడిగినప్పుడు అన్న నా పక్కే చూస్తా ఉన్నాడు. అబద్ధం రాలా నాకు."

"ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పలేదా?" మురళికి కోపం వచ్చింది. "అందరికీ చెప్పినా మామా! ఆ సాయంత్రమే నాయనకు చెప్పినా. నన్ను పట్టుకోని ఏడ్చినాడు. అన్నకు చెప్తే, 'నువ్వెంత చెప్పినా నమ్మనురా' అంటాడు. నా పెళ్లాంకు చెప్తే, 'మీకు పొగిడితే పడదులే' అనింది. చెప్పినకొద్దీ ఇంకా మంచోణ్ణి అయిపోతా ఉన్నా. ఏం చెయ్యాల నేను?"

నవ్వు వచ్చింది. నవ్వలేదు. అతను నిజంగా బాధలో ఉన్నాడు.

"నువ్వు చెప్తే అన్న నమ్ముతాడు" అన్నాడు. "అంపైర్‌వి. పిల్లోల ముందర ఆ ఫ్లెక్సీ కింద నిలబడలేను మామా."

కుర్రాళ్లూ, ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను. ఆ రోజు పాతిక మంది ముందు ఒక పిల్లవాడు తప్పు ఒప్పుకున్నాడు. మేమంతా ఆ మాటను వదిలేసి, మాకు నచ్చిన మనిషిని వాడిలో చూసుకున్నాం. నేను రాసిన రిపోర్టు నిజం. రాసిన నేను దాన్ని నమ్మలేదు. మనిషి తన గురించి చెడ్డ చెప్పుకున్నా సరే, చెప్పింది విన్నట్లుగా వినండి. దాని వెనక మంచితనం వెతకడం అంపైర్ పని కాదు.

అకాడమీ గదిలో

అతని బండి మీదే పోయాం. మురళి బయట రోలర్ దగ్గర ఆగిపోయాడు. ప్రసాద్ సామాన్ల గదిలో కొత్త ప్యాడ్లు జతలు కడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా మామా. ఫ్లెక్సీ చూసినావా?"

"దాని గురించే వచ్చినా. ఆ రోజు మీ తమ్ముడు కావాలనే పిలిచినాడు. నిన్ను అవుట్ చెయ్యాలనే."

"వాడు చెప్పమన్నాడా?"

"చెప్పమన్నాడు. నాకు గూడా ఇప్పుడే నమ్మకం కలిగింది."

"మామగా చెప్తున్నావా, అంపైర్‌గానా?"

"అంపైర్‌గా."

ప్రసాద్ కిట్ బ్యాగు మీద కూర్చున్నాడు. చేతిలో ఉన్న ప్యాడ్ పట్టీ బిగించాడు, విప్పాడు, మళ్లీ బిగించాడు.

"నాయన పోయేదాకా వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాడు."

"ఆయనకూ చెప్పినాడంట. నమ్మలా."

"నా కొడుక్కు వాని పేరు పెట్టినా."

"పేరుకేం. మంచి పేరే."

 అతను నా మాట వినలేదు. పట్టీ వదిలి తల ఎత్తాడు.

"మామా, ఒకటి చెప్తా. నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలా. ఆ గొంతు ఎవరిదో నాకు అప్పుడే తెలుసు. పార్ట్‌నర్‌ది కాదని తెలుసు. వాడు అవతల జట్టులో ఉన్నాడని గూడా తెలుసు. తెలిసే పరుగెత్తినా."

"ఎందుకు?"

"వాడు రమ్మన్నాడు కదా."

బయట ఎవరో నెట్ మేకు కొడుతున్నారు. ప్రసాద్ ప్యాడ్ పక్కన పెట్టాడు.

"ఇప్పుడు పిలిచినా పోతా. నా కోపమంతా ఆ పోయే బుద్ధి మీదనే మామా. వాని మీద గూడా కాదు."

ఇట్లాంటిదానికి నా దగ్గర రూలు లేదు. బయటికి వచ్చాను. మురళి రోలర్ పిడి పట్టుకుని నా ముఖం కేసి చూస్తున్నాడు. అవుటా, కాదా అని బ్యాటర్ చూసే చూపు అది.

"నమ్మినాడా మామా?"

"నమ్మినాడు."

"ఏమన్నాడు?"

"అది నేను చెప్పేది కాదు. నువ్వే పో."

మురళి రోలర్ వదిలాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. వికెట్ల మధ్య అంత వేగంగా పరుగెత్తినవాడు ఆ పది గజాలూ చాలా మెల్లగా నడిచి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, లోపలికి పోయాడు.